తొంభై మూడో చుట్టు

పోయిన వారం కథ ఆగేసరికి నేను చేతిలో మైకుతో, తెరిచిన నోటితో నిలబడి ఉన్నాను. ఆ నోరు మూతపడడానికి ఇంకా కాస్త వ్యవధి కావాలి కాబట్టి ఈలోగా ఎక్కడున్నామో చెబుతాను.

శనివారం మధ్యాహ్నం, బ్రయర్ ఫోర్క్ ఫైర్ స్టేషన్. ఫైరింజన్‌ని బయట ఎండలో నిలబెట్టి, లోపల బల్లలు వేసి, ఊరందరికీ వేయించిన చేపా మొక్కజొన్న రొట్టే వడ్డించి, మన పాత రేసు ట్రాకు చరిత్ర మీద క్విజ్ పోటీ పెట్టాం. ప్రశ్నలు చదివే పని నాకు అప్పగించారు. మంగలి షాపు గార్లండ్ షూమేట్ అంటే నేనే. ఊళ్ళో మగాళ్ళందరి తలలూ ఎప్పుడో ఒకప్పుడు నా కత్తెర కిందకి వచ్చేవే కాబట్టి నా మాటకి ఎవరూ ఎదురు చెప్పరని కమిటీ వారి నమ్మకం.

పదమూడు ప్రశ్నలు సాఫీగా గడిచాయి. మూడో మలుపు దగ్గర కారుతో సహా చేపల చెరువులో దిగిందెవరు, ఊడిపోయిన తలుపుని ఒంటిచేత్తో పట్టుకుని అరవై చుట్లు తిరిగిందెవరు, పందెం మధ్యలో బంకు దగ్గర ఆగి పెట్రోలు పోయించుకుని మళ్ళీ వచ్చి మూడో స్థానం కొట్టిందెవరు, ఇలాంటివి. పద్నాలుగోది తేలిక ప్రశ్న. 1952 సెప్టెంబరు లేబర్ డే సెలవు నాడు వంద చుట్ల పందెం గెలిచిందెవరు?

హోబర్ట్ ట్రిప్లెట్. ఇందులో ఆలోచించడానికేముంది? వయసులో ఉండగా కొండ మీంచి నాటుసారా డబ్బాలు దింపి, పోలీసు కార్లకి తన కారు వెనక లైట్లు తప్ప మరేమీ చూపించని మనిషి. ఇప్పుడు టైర్ల షాపు. ఆ పందెం గురించి ఎవరు ఎత్తినా లేచి నిలబడి టోపీ తీస్తాడు. ఆ రోజూ తీశాడు. వెంటనే అవతలి బల్ల దగ్గర్నుంచి డాయిల్ యాబ్షర్ కూడా లేచాడు. కలప కోతమిల్లులో పనిచేసి రిటైరైన డాయిల్‌ది ఆ పందెంలో రెండో స్థానం. "దొంగ లెక్క! గెలిచింది నేను!" అని ఇరవై ఆరేళ్ళుగా అరుస్తున్నాడు. ఆ రోజూ అరిచాడు. ఇదంతా మాకు మామూలే. మామూలు కానిది ఏమిటంటే, ఇరవై ఆరేళ్ళుగా ఆ గొడవలో ఒక్క మాట కలపని డాయిల్ భార్య వెర్డీ చేతిలోని ఫోర్కు కింద పెట్టి, మూతి తుడుచుకుని, "డాయిల్ చెప్పేది నిజమే. ఆ పందెం గెలిచింది మా ఆయనే" అంది.

అక్కడే ఆగాం.

మొదట తేరుకున్నది డాయిలే. తేరుకున్నాడంటే, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు.

"విన్నారా?" అన్నాడు బల్లలన్నిటి వైపూ తిరిగి. "నా పెళ్ళాం నన్ను నమ్మింది! వెర్డీ, ఇన్నేళ్ళకి నన్ను నమ్మావా?"

"నమ్మడం కాదు డాయిల్. నాకు తెలుసు."

"అదే, మనసుకి తెలుస్తుంది కదా..."

"మనసుకి కాదు, కళ్ళతో చూశాను. నేను ఆ రోజు ట్రాకు దగ్గరే ఉన్నాను."

డాయిల్ ముఖంలో సంతోషం అలాగే ఉంది కానీ, దాని కింద ఏదో కదిలింది.

"నువ్వెక్కడున్నావే? చర్చిలో ఆడవాళ్ళతో కలిసి బొంత కుడుతున్నావుగా!"

"నువ్వు మీ అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావుగా!"

బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. లేబర్ డే నాడు ఏ కంటి డాక్టరు తలుపు తెరుస్తాడన్న సంగతి ఆ భార్యాభర్తలకి ఇరవై ఆరేళ్ళలో తట్టిందో లేదో గానీ, ఫైర్ స్టేషన్లో ఉన్న వందమందికీ ఆ క్షణాన ఒకేసారి తట్టింది.

"సరేలే," అన్నాడు డాయిల్ గొంతు సవరించుకుని. "పాత సంగతులు. ఇంతకీ నువ్వు అక్కడ ఏం చేస్తున్నావు?"

"చుట్లు లెక్కపెడుతున్నాను."

వెర్డీ గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. నలభై ఏళ్ళు సాక్సుల మిల్లులో తనిఖీ బల్ల దగ్గర పనిచేసిన మనిషి. డజను సాక్సుల కట్ట చేత్తో ఎత్తి, అందులో పదకొండే ఉంటే చూడకుండా చెప్పేది. ఆ రోజుల్లో పందేనికి లెక్క రాయడానికి ఒక్కో కారుకి ఒక్కో మనిషిని పెట్టేవాళ్ళు. చెక్కమెట్ల మీద కూర్చుని, తన కారు సున్నపు గీత దాటినప్పుడల్లా అట్టమీద ఒక గడి కొట్టెయ్యాలి. వందో గడి ఎవరి అట్టమీద ముందు నిండితే వాళ్ళకి జెండా ఊపుతారు. ఆ లెక్కే చివరి మాట.

"మా మిల్లు సూపర్వైజరమ్మే అక్కడ లెక్కలకి పెద్ద," అంది వెర్డీ. "ఒకమ్మాయికి కడుపునొప్పి వచ్చి రాలేదంట. ఒక్క పూటకి రమ్మని బతిమాలింది. పందేలంటే పాపం అని పాస్టర్ గారు చెప్పేవారు కదా, నీకు చెబితే నవ్వుతావని బొంత కుట్టడానికి వెళ్తున్నానన్నాను. అట్ట ఇచ్చారు. దానిమీద పేరు లేదు, నెంబరే ఉంది. నలభై ఒకటి."

డాయిల్ కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

నలభై ఒకటి అతని కారు నెంబరు.

ఇక్కడ మీకు ఒక సంగతి తెలియాలి. ఈ ఇరవై ఆరేళ్ళలో డాయిల్ తిట్టని రోజు లేదు. హోబర్ట్‌ని కాదు, తన కారుకి లెక్క రాసిన మనిషిని. అట్టమీద సంతకం లేదు. ఆ మనిషి ఎవరో కనుక్కోవడానికి మూడు ఊళ్ళు తిరిగాడు. క్షవరానికి వచ్చినప్పుడల్లా, "ఆ గుడ్డిగాడిద నాకు దొరికితే గార్లండ్, నీ కుర్చీలోనే కూర్చోబెట్టి గుండు గీయిస్తాను" అనేవాడు. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర, చుట్టాల ముందు, పిల్లల ముందు ఆ గుడ్డిగాడిదకి ఒక దండకం ఉండాల్సిందే. ఆ దండకం సాగుతున్నంతసేపూ వెర్డీ అతనికి చికెన్ వడ్డించేది.

"నువ్వా?" అన్నాడు డాయిల్.

"నేనే. ఆ గుడ్డిగాడిదని."

"వెర్డీ... నేను నిన్నని..."

"తెలుసులే, నన్నని కాదు. కానీ నేను గుడ్డిదాన్ని కాదు డాయిల్. ఆ మాట ఒక్కటే ఇన్నేళ్ళూ నన్ను పొడిచింది. నేను చూశాను. బాగా చూశాను. చూసే, తొంభై మూడో చుట్టు కొట్టెయ్యలేదు."

నూనె మూకుడు దగ్గర నిలబడినవాడు వినడానికి మంట తగ్గించాడు.

"కావాలనా?"

"కావాలనే."

"ఎందుకే?" డాయిల్ గొంతు కీచుమంది. "నేను నీకేం అన్యాయం చేశాను?"

వెర్డీ అతనివైపు పూర్తిగా తిరిగింది. చిన్న మనిషి. కానీ ఆ తిరగడం చూసి డాయిల్ పక్కన కూర్చున్న ఇద్దరు తమ కుర్చీలు జరుపుకున్నారు.

"ఆ కారు ఎవరిది డాయిల్?"

డాయిల్ పైకప్పు చూశాడు. అమ్మని డాక్టరు దగ్గర దింపి, ఎవరిదో అరువు కారుతో పందేనికి వెళ్ళానని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాడు.

"చెప్పు. అందరూ వింటున్నారు. ఆ నలభై ఒకటో నెంబరు కారు ఎవరిది?"

"...నీదే."

"నాదే. నాలుగేళ్ళు సాక్సులు లెక్కపెట్టి కొనుక్కున్న హడ్సన్. లేత నీలం రంగు. కొని అప్పటికి మూడు వారాలు. సీటు మీద కాగితం కూడా తియ్యలేదు. పొద్దున్న నువ్వేమన్నావు? 'అమ్మ పాత బండిలో కుదుపులకి ఓర్చుకోలేదు వెర్డీ, నీ కారు ఇవ్వు' అన్నావు. ఇచ్చాను. మీ అమ్మకి చల్లగా ఉంటుందని సీటు మీద తువ్వాలు పరిచి మరీ ఇచ్చాను."

ఆడవాళ్ళ బల్ల దగ్గర్నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. దానిలో డాయిల్ పట్ల సానుభూతి ఏ కోశానా లేదు.

"తొంభై రెండు చుట్ల దాకా అది నా కారని నాకు తెలియదు," అంది వెర్డీ. "ముందు లైట్లకి టేపు అంటించి ఉంది. తలుపులు ఊడకుండా నడుం బెల్టుతో కట్టి ఉన్నాయి. నెంబరు తెల్ల బూట్‌పాలిష్‌తో రాసి ఉంది. పైనంతా ఎర్రమట్టి. కింద నీలం ఉందో నలుపు ఉందో దేవుడికే ఎరుక. ఎవరో గానీ బాగా తోలుతున్నాడనుకున్నాను. నా నెంబరు గెలవాలని ముచ్చటపడ్డాను కూడా. అప్పుడు రెండో మలుపు దగ్గర ఈ హోబర్ట్ వెనకనించి తగిలాడు."

హోబర్ట్ టోపీ వైపు చూసుకున్నాడు.

"తగిలేసరికి నలభై ఒకటి డిక్కీ తలుపు పైకి లేచింది. లోపల్నించి ఒక గుండ్రటి అట్టపెట్టె ఎగిరి పడింది. మూత ఊడింది. అందులోంచి నా టోపీ దొర్లుకుంటూ వచ్చింది."

"ఏ టోపీ?" అని నేను అడిగాను. క్విజ్ మాస్టరుని కదా, వివరాలు ముఖ్యం.

"పసుపు గడ్డి టోపీ, గార్లండ్. అంచు మీద ఆరు చెర్రీపళ్ళు. ఆదివారం చర్చి నించి వచ్చాక డిక్కీలో మర్చిపోయాను. ట్రాకు మధ్యలో ఒక్క క్షణం అది నిటారుగా నిలబడింది. చాలా అందంగా ఉంది. తరవాత పదకొండు కార్లు దాని మీంచి వెళ్ళాయి. నేను లెక్కపెట్టాను."

నవ్వకూడదని అందరూ చాలా కష్టపడుతున్నారు. బల్ల చివర ఒకాయన తన మొక్కజొన్న రొట్టెని కొరికి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నలభై ఒకటి మళ్ళీ తిరిగి వచ్చింది. సున్నపు గీత దాటింది. పెన్సిలు నా చేతిలో ఉంది, గడి నా ముందు ఉంది. లోపల ఉన్నది నువ్వని నాకు అప్పుడు తెలుసు. చూస్తూ ఊరుకున్నాను. తరవాతి చుట్టు నించి మామూలుగా కొట్టేశాను. నువ్వు వందో చుట్టు పూర్తి చేసేసరికి నా అట్టమీద తొంభై తొమ్మిదే ఉన్నాయి. నీ వెనకే వచ్చిన హోబర్ట్‌కి జెండా ఊపారు."

"ముందు గీత దాటింది నేనేనని చెప్పానా లేదా!" డాయిల్ ఎగిరి నిలబడ్డాడు. గెలిచిన సంగతి అతనికి అప్పటికి అందింది. "చెప్పానా? ఇరవై ఆరేళ్ళు మొత్తుకున్నానా? నన్ను పిచ్చివాడన్నారు!"

"కూర్చో. ఆవు సంగతి చెప్పు."

డాయిల్ మళ్ళీ కూర్చున్నాడు.

"ఏ ఆవు?" అని ముగ్గురు నలుగురు ఒకేసారి అడిగారు.

"ఆ సాయంత్రం కారు ఇంటికి తెచ్చాడు," అంది వెర్డీ ఊరందరితో. "మూడుచోట్ల లోపలికి నొక్కుకుపోయింది. డిక్కీ తాడుతో కట్టి ఉంది. ఏమైంది డాయిల్ అన్నాను. పక్కింటి ఎల్లర్ వాళ్ళ ఆవు గుద్దింది అన్నాడు."

ఇంక ఆగలేదు. రొట్టె కొరికిన ఆయన దగ్గు మొదలుపెట్టాడు, ఆ దగ్గు వంకన అందరూ పగలబడి నవ్వారు.

"నవ్వండి. మర్నాడు నన్ను తీసుకెళ్ళి ఆవుని చూపించాడు! దానికి ఒంటిమీద వెంట్రుక కూడా చెదరలేదు. నావైపు చూసి నెమరేసుకుంటోంది. 'చాలా పొగరుబోతు ఆవు వెర్డీ, దూరంగా నిలబడు' అన్నాడు. కారు తలుపు మీద బూట్‌పాలిష్ సరిగ్గా పోలేదు, నాలుగు అంకె ఇంకా కనబడుతోంది. ఆవు నాలుగు ఎట్లా రాసిందని అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది."

"అడగొచ్చుగా!" అన్నాడు డాయిల్. దాదాపు ఏడుపు గొంతు. "అప్పుడే అడిగితే అప్పుడే చెప్పేవాణ్ణి. అప్పుడే తేలిపోయేది. ఇరవై ఆరేళ్ళు, వెర్డీ! రోజూ నీ ముందే గదా మొత్తుకున్నాను. ఒక్కరోజు కూడా నీకు చెప్పాలనిపించలేదా?"

నవ్వులు తగ్గాయి. వెర్డీ బల్ల మీద పడిన రొట్టె పొడిని వేలితో ఒక చోటికి చేర్చింది.

"మొదటి ఏడు నువ్వు ఆవు సంగతి ఒప్పుకుంటావని చూశాను. నువ్వొప్పుకుంటే నేనూ ఒప్పుకుందామనుకున్నాను. నువ్వు ఒప్పుకోలేదు. రెండో ఏడు నించీ..." ఆమె ఆగింది. "నువ్వు మిల్లు నించి వచ్చేవాడివి. రంపపు పొట్టు జుట్టంతా ఉండేది. కుర్చీలో పడితే మాట ఉండేది కాదు. ఎవరైనా వచ్చి ఆ పందెం సంగతి ఎత్తితే లేచి కూర్చునేవాడివి. చేతులు తిప్పుతూ చెప్పేవాడివి. ఒక్కో ఏడు ఒక్కో కొత్త ముక్క కలిపేవాడివి. పిల్లలు నీ మోకాళ్ళ దగ్గర చేరేవాళ్ళు. గెలిచినవాడు ఒకసారి చెప్పి ఊరుకుంటాడు డాయిల్. నువ్వు ఓడిపోయావు కాబట్టి అది మనింట్లో రోజూ ఉండేది. నిజం చెప్పి దాన్ని తీసేసుకుంటే నీకింకేం మిగులుతుందని భయమేసింది."

నాకు మైకు బరువుగా అనిపించింది.

"మరి ఇవాళ ఎందుకు చెప్పావు?" అన్నాడు డాయిల్, మెల్లగా.

"ఇత్తడి ఫలకం చెక్కిస్తున్నారుగా."

ఆ సంగతి నిజం. వచ్చే శనివారం పాత ట్రాకు గేటుకి ఫలకం బిగిస్తున్నాం. ఏ ఏడు ఎవరు గెలిచారో పేర్లన్నీ అందులో ఉంటాయి. ఆ సాయంత్రం అయిదులోపు నేను పట్నంలో చెక్కేవాడికి ఫోన్ చేసి జాబితా చదవాలి.

"నోటి మాటగా ఎవరేమన్నా పట్టించుకోలేదు," అంది వెర్డీ. "ఇత్తడి మీద రాస్తే నా మనవలు వచ్చి చదువుతారు. నేను చేసిన తప్పుడు లెక్క వాళ్ళు వేలు పెట్టి చదవడం నాకిష్టం లేదు. నలభై ఏళ్ళలో ఒక్క డజను కూడా తప్పు పంపించని దాన్ని."

డాయిల్ లేచాడు. ఏం చేస్తాడోనని అందరం చూస్తున్నాం. వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"వెర్డీ, ఆ ఎల్లర్ వాళ్ళ ఆవు చాలా మంచిది," అన్నాడు. "దాని గురించి అట్లా చెప్పకుండా ఉండాల్సింది."

"సరే."

"పసుపు టోపీ కొనిపెడతాను. చెర్రీపళ్ళది."

"ఇప్పుడు నేను ఆ టోపీ పెట్టుకుంటే పిల్లలు జడుసుకుంటారు. కూర్చో, చేప చల్లారిపోతోంది."

అతను ఆమె పక్కనే కూర్చున్నాడు. ఒక నిమిషం గడిచాక, తనలో తను అనుకుంటున్నట్టుగా, "గెలిచాను" అన్నాడు. ఇన్నేళ్ళు అరిచిన మాటే. కానీ ఇంత చిన్నగా అనడం నేనెప్పుడూ వినలేదు. అనేసి, తరవాత ఏమనాలో తెలియనట్టు ప్లేటు వైపు చూశాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఫైర్ స్టేషనంతా లేచి నిలబడి కొట్టింది. వెర్డీ అతని వీపు మీద ఒకసారి తట్టి, ఫోర్కు తీసుకుంది.

ఇక మిగిలింది హోబర్ట్.

చప్పట్లు తగ్గుతుంటే తలలన్నీ ఒక్కొక్కటే ఆ వైపు తిరిగాయి. ఈ హోబర్ట్ ఎలాంటి మనిషంటే, పదేళ్ళ కిందట నా షాపులో ఎవడో వేళాకోళానికి "ఆ పందెం డాయిల్‌దే అంటారుగా" అన్నందుకు సగం క్షవరంతో లేచి, మెడకి కట్టిన గుడ్డతోనే వీధి దాకా వాణ్ణి తరిమాడు. ఇప్పుడు బల్లలు ఎగురుతాయనుకున్నాను. ఫైర్ చీఫ్ మెల్లగా కాఫీ కెటిల్ పక్కకి తీసి దాచాడు.

హోబర్ట్ నవ్వాడు.

"పోనీండ్రా," అన్నాడు. "లెక్క రాసిన మనిషే చెప్పాక ఇంకేముంది? డాయిల్, పందెం నీదేరా. గార్లండ్, వాడి పేరే చెక్కించు." బల్లలు దాటుకుంటూ వచ్చి డాయిల్‌కి చెయ్యి కూడా ఇచ్చాడు. అంత పెద్ద చెయ్యి ఎందుకో చెమటతో తడిసి ఉంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఇరవై ఆరేళ్ళు రొమ్ము విరుచుకుని కాపాడుకున్న దాన్ని మనిషి ఇరవై ఆరు సెకన్లలో ఇచ్చేసి, తేలికపడ్డట్టు ఊపిరి వదిలాడు.

"ఎంత పెద్ద మనసయ్యా!" అన్నారెవరో.

మళ్ళీ చప్పట్లు పడబోతున్నాయి. అప్పుడు హోబర్ట్ బల్ల దగ్గర కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. అతని భార్య ఐసెల్ లేచి నిలబడింది. చర్చిలో పియానో వాయిస్తుంది. ముప్పై ఏళ్ళలో పియానో తప్ప ఆమె గొంతు విన్నవాళ్ళు ఊళ్ళో తక్కువ.

"హోబర్ట్," అంది. "నీది కాని దాన్ని ఇచ్చెయ్యడానికి నువ్వెవరు?"

హోబర్ట్ చెయ్యి ఇంకా డాయిల్ చేతిలోనే ఉంది. నవ్వు మాత్రం ముఖం మీంచి దిగిపోయింది.

"ఐసెల్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంటికి పోదాం పద."

"పోదాం. ఆ రోజు నీ కారు తోలిందెవరో ముందు చెప్పి పోదాం. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"